కార్డుకి కాపలా బ్యాటరీ

పోయిన ఏడాది మే నెలలో నరసరావుపేటలో అమ్మవాళ్ళ ఇల్లు సర్దుతుంటే అటక మీద పాత బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే లోపల మా తమ్ముడి పీఎస్పీ, అంటే చేత్తో పట్టుకుని ఆటలాడే సోనీ యంత్రం. 3000 మోడల్, నల్లది. 2009లో వాడు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా, దుబాయ్ నుంచి వస్తున్న మా పెద్దబావ చేత తెప్పించుకున్నాడు. ఉద్యోగానికి డల్లాస్ వెళ్ళేటప్పుడు "అక్కా, ఇది పారెయ్యొద్దని అమ్మకి చెప్పు" అన్నాడు. అమ్మ పారెయ్యలేదు. కానీ దాచిన చోటు రేకుల కింద అటక. పల్నాడు ఎండ సంగతి తెలిసినవాళ్ళకి మిగతాది చెప్పక్కర్లేదు. వెనక మూత లేచిపోయి ఉంది. లోపలి బ్యాటరీ పూరీలా ఉబ్బి దాన్ని బయటికి తోసేసింది.

మా అబ్బాయికి పన్నెండేళ్ళు. వాడికి ఫోన్‌లో ఆటలే తెలుసు, బటన్లు నొక్కి ఆడే ఆట తెలీదు. "అమ్మా, ఇది మావయ్యదా? పని చేస్తుందా?" అని వెంటపడ్డాడు. ఉబ్బిన బ్యాటరీని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, డబ్బాలోనే ఉన్న కరెంటు అడాప్టర్ తగిలించాను. పీఎస్పీకి ఒక మంచి గుణం ఉంది, బ్యాటరీ లేకపోయినా అడాప్టర్ మీద నడుస్తుంది. తెర వెలిగింది. ఎడమ పక్క గూట్లో ఉన్న 4 జీబీ మెమరీ స్టిక్ కార్డులో తమ్ముడి సేవ్‌లన్నీ, అంటే ఏ ఆటలో ఎక్కడిదాకా వచ్చాడో దాచుకున్నవన్నీ, అలాగే ఉన్నాయి. ఒక్కోదాని పక్కన తేదీ, టైము. ఒక కార్ల రేసు సేవ్ మీద 2011 ఫిబ్రవరి అని ఉంది, రాత్రి రెండున్నర దాటాక చేసింది. హాస్టల్ గదిలో వాడు ఎలా కూర్చుని ఆడి ఉంటాడో కళ్ళముందు కనబడి, కాసేపు దాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయాను.

ఆ తర్వాత ఆరు నెలల్లో ఈ చిన్న యంత్రం కోసం మూడు మెమరీ కార్డులు, మూడు బ్యాటరీలు కొన్నాను. వాటిలో ఒక కార్డు, రెండు బ్యాటరీలు శుద్ధ దండగ. ఆ డబ్బు పోతే పోయింది. కానీ ఆ క్రమంలో ఒక సంగతి నాకు గట్టిగా అర్థమైంది, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. చేత్తో పట్టుకుని ఆడే ఏ యంత్రానికైనా కార్డు, బ్యాటరీ రెండు వేరు వేరు సామాన్లు కావు. రెంటినీ కలిపి ఆలోచించి కొనాలి. ఎందుకంటే బ్యాటరీ చెడితే ముందు దెబ్బ తగిలేది కార్డుకే.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. సెలవులకి అక్కడే ఉన్నాం. మా అబ్బాయి అడాప్టర్ మీదే వారం రోజులు ఆడాడు. ఒక సాయంత్రం గాలివాన మొదలై కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే వాడు సేవ్ చేస్తున్నాడు. కార్డు దగ్గర ఉండే నారింజ రంగు లైటు మినుకుతూ ఉండగానే తెర నల్లగా అయిపోయింది. కరెంటు వచ్చాక చూస్తే వాడి సేవ్ దగ్గర డేటా పాడైందని చూపిస్తోంది. వాడు ఏడవలేదు. "పర్లేదమ్మా, మళ్ళీ ఆడతాలే" అన్నాడు. ఏడ్చి ఉంటేనే నాకు తేలిగ్గా ఉండేది.

కార్డు మీద సేవ్ చెయ్యడమంటే ఒకచోట రాసి ఊరుకోవడం కాదు. ఆట తాలూకు వివరాలు ఒకచోట రాయాలి, ఆ ఫైలు ఎక్కడెక్కడ ఉందో చెప్పే పట్టికను ఇంకోచోట దిద్దాలి. ఈ రెంటి మధ్యలో కరెంటు పోతే పట్టికకీ అసలు రాతకీ పొంతన ఉండదు. పైగా ఇలాంటి మెమరీ కార్డు లోపల ఇంకొక పని కూడా జరుగుతూ ఉంటుంది. కార్డులోని చిన్న కంట్రోలర్ చిప్పు ఒకే చోట పదే పదే రాయకుండా, అరుగుదల అన్ని గదులకీ సమానంగా పంచడానికి సమాచారాన్ని అటూ ఇటూ జరుపుతూ ఉంటుంది. ఆ పని మధ్యలో కరెంటు ఆగితే, మనం అప్పుడు సేవ్ చేస్తున్న ఫైలే కాదు, ఎప్పుడో రాసిన వేరే ఫైలు కూడా పోవచ్చు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదే కార్డులో తమ్ముడి సేవ్‌లు ఉన్నాయి కదా. పొద్దున్నే మా అన్నయ్య లాప్‌టాప్ తీసుకుని ఆ కార్డు మొత్తం కాపీ చేశాను. పీఎస్పీ అనే ఫోల్డర్‌లో సేవ్‌డేటా అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, అన్నీ అందులోనే. అన్నీ కలిపినా కొద్ది మెగాబైట్లే.

ఇంట్లో కంప్యూటర్‌కి యూపీఎస్ ఎలాగో ఈ యంత్రానికి బ్యాటరీ అలాగ. బయట ఆడుకోవడానికి పనికొస్తుందని మాత్రమే అనుకుంటాం గానీ, కరెంటు పోయిన ఆ ఒక్క క్షణంలో కార్డుని కాపాడేది అదే. సగం చచ్చిన బ్యాటరీ ఇంకా ప్రమాదం. పాతబడిన లిథియం బ్యాటరీలో లోపలి నిరోధం పెరుగుతుంది. తెర మీద ఇంకా 30 శాతం ఉన్నట్టు చూపిస్తూనే, కాస్త ఎక్కువ కరెంటు లాగే పని రాగానే వోల్టేజి జారిపోయి యంత్రం ఠక్కున ఆగిపోతుంది. లోపల పెట్టిన ఆట డిస్కు తిప్పుతూ, అదే సమయంలో కార్డు మీద రాసేటప్పుడు ఇలా ఆగిపోవడానికి అవకాశం ఎక్కువ. అంటే అవసరం ఉన్నప్పుడే కాపలావాడు పడిపోతాడన్నమాట.

అందుకని ముందు బ్యాటరీ కొందామనుకున్నాను. కానీ అందరూ చేసే పనే నేనూ చేశాను. ముందు పెద్ద కార్డు కొన్నాను.

పీఎస్పీలో మామూలు ఎస్‌డీ కార్డు పట్టదు. సోనీ సొంతంగా తెచ్చిన మెమరీ స్టిక్ ప్రో డ్యూయో పెట్టాలి. సోనీ 1998లో మెమరీ స్టిక్ తెచ్చింది, లోకమంతా ఎస్‌డీ వైపు వెళ్ళిపోయాక 2010లో తనే ఎస్‌డీ కార్డులు అమ్మడం మొదలుపెట్టింది. ఇవాళ కొత్త మెమరీ స్టిక్ అని, అదీ పెద్ద సైజులో, చవగ్గా అమ్ముతున్నారంటే నాకు అనుమానమే. ఆ రోజుల్లోనే వీటికి నకిలీల బెడద ఎక్కువ. ఇప్పుడు తెలివైన దారి ఏమిటంటే, మెమరీ స్టిక్ ఆకారంలో ఉండే అడాప్టర్ కొని అందులో మైక్రోఎస్‌డీ, అంటే ఫోన్లలో వాడే చిన్న కార్డు, పెట్టుకోవడం. అడాప్టర్ ధర కొద్దే. రెండు మైక్రోఎస్‌డీలు పట్టేవి కూడా దొరుకుతాయి, వాటి జోలికి మాత్రం వెళ్ళకండి. అవి సమాచారాన్ని ముక్కలు చేసి రెండు కార్డుల్లోనూ పంచి రాస్తాయి. ఏ ఒక్కటి పోయినా రెండోదానిలో మిగిలేది ఎవరికీ పనికిరాదు. ప్రమాదాన్ని డబ్బిచ్చి రెట్టింపు చేసుకోవడమే అది.

అడాప్టర్‌తో పాటు ఆన్‌లైన్‌లో ఒక 256 జీబీ కార్డు కొన్నాను. పేరున్న కంపెనీ ప్యాకింగే, ధర మాత్రం మిగతావాటిలో సగం. పెట్టగానే పని చేసింది. మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు మా అబ్బాయి సేవ్ తెరుచుకోలేదు. ఇంకోటీ తెరుచుకోలేదు. కంప్యూటర్‌లో పెట్టి చూస్తే ఫైళ్ళ పేర్లన్నీ ఉన్నాయి, సైజులు కూడా ఉన్నాయి. లోపల మాత్రం ఏమీ లేదు, అన్నీ సున్నాలే.

నకిలీ కార్డు చేసే మోసం ఇదే. పాతకాలంలో గుమస్తా ఖాతాపుస్తకంలో నలభై బస్తాలు జమ రాసి గాదెలో ఎనిమిదే పోశాడనుకోండి. పుస్తకం చూసినవాడికి అంతా సరిగ్గానే కనిపిస్తుంది. నకిలీ కార్డులో కంట్రోలర్ చిప్పుకి అబద్ధం నేర్పి పెడతారు. అసలు ఉన్నది 8 జీబీయో 16 జీబీయో అయినా 256 అని కంప్యూటర్‌కి చెబుతుంది. ఫైళ్ళ పట్టిక కార్డు మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేర్లు నిజంగానే నమోదవుతాయి. నిజమైన చోటు నిండేదాకా ఆటలు కూడా నడుస్తాయి. ఆ తర్వాత రాసేదంతా గాల్లోకి పోతుంది, లేదా పాతదాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది. అందుకే మోసం మొదటి రోజు బయటపడదు. డబ్బు వెనక్కిచ్చే గడువు దాటాకే బయటపడుతుంది. నాకు మండిపోయేది ఇక్కడే. పోయేది కార్డు ధర కాదు, ఒక పిల్లవాడు మూడు నెలలు సాయంత్రాలు కూర్చుని కట్టుకున్నది.

దీన్ని మొదటి రోజే పట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేకుండా. విండోస్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. మాక్, లినక్స్ వాడేవాళ్ళకి ఎఫ్3 ఉంది. ఇవి కార్డు మొత్తాన్ని నింపేసి, రాసింది రాసినట్టు ఉందో లేదో వెనక్కి చదివి చూస్తాయి. ఒక్క గది తేడా వచ్చినా చెప్పేస్తాయి. కాస్త టైము పడుతుంది. సెకనుకు 20 మెగాబైట్లు రాసే 128 జీబీ కార్డుకి రాయడానికే గంటా ముప్పావు, తిరిగి చదవడానికి ఇంకొంత. రాత్రి పెట్టి పడుకుంటే సరి. కొత్త కార్డు ఏదైనా, ఎంత నమ్మకమైన చోట కొన్నా, ఈ పరీక్ష అయ్యేదాకా అందులో ఒక్క సేవ్ కూడా పెట్టకండి. చేతులు జోడించి చెబుతున్నాను. ఒకటి మాత్రం తెలుసుకోండి. 64 జీబీ కార్డు కంప్యూటర్‌లో 59 చిల్లర చూపిస్తే అది మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతే.

ఇంతకీ 256 ఎందుకు కొన్నాను? పెద్దదైతే మంచిదని. ఇక్కడ చాలామందితో నాకు పేచీ ఉంది. "ఎలాగూ కొంటున్నాం, పెద్దదే కొను, తేడా మూడొందలేగా" అంటారు. పీఎస్పీ డిస్కులో పట్టేది ఎక్కువలో ఎక్కువ 1.8 జీబీ. 32 జీబీ కార్డులో అలాంటి నిండు ఆటలు పదిహేడు పడతాయి. చాలా ఆటలు అంత నిండుగా కూడా ఉండవు. పన్నెండేళ్ళ పిల్లాడికి పదిహేడు ఆటలంటే రెండేళ్ళకి సరిపడా సరుకు. పైగా మెమరీ స్టిక్ ప్రో డ్యూయో పెద్ద సైజే 32 జీబీ. పెద్ద కార్డైతే అన్నీ ఒకేచోట పోగేస్తాం, పోయినప్పుడు అన్నీ ఒకేసారి పోతాయి. అదే డబ్బుతో అసలైన 32 జీబీ కార్డులు రెండు కొని ఒకటి నకలుగా ఉంచుకుంటే వందరెట్లు నయం.

వేగం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే పీఎస్పీకి అది పట్టదు. ప్యాకెట్ మీద ఏ2, వీ30, యూ3 అని వేగం గుర్తులు ఎన్ని ఉన్నా లోపలి దారే సన్నది. సందులో లారీ వెళ్ళదు కదా. ఏ1 గుర్తున్న మామూలు కార్డు చాలు. ఆ గుర్తుకి సెకనుకు కనీసం 1500 చిన్న చదవడాలు, 500 చిన్న రాతలు చెయ్యగలదని అర్థం, చిన్న చిన్న ఫైళ్ళకి కావలసింది అదే. ఏ2 ఇంకా ఎక్కువ చేస్తుంది గానీ, దాని సత్తా బయటికి రావాలంటే యంత్రం కూడా ఆ పద్ధతికి సిద్ధంగా ఉండాలి. చవక యంత్రాలు చాలావాటిలో ఆ ఏర్పాటు ఉండదు. కొత్త పెద్ద యంత్రాల సంగతి వేరు. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2లో ఆటలు పెట్టుకోవాలంటే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే ఉండాలి. పాత స్విచ్ కార్డు అందులో ఫొటోలు, వీడియోలు కాపీ చేసుకోవడానికి తప్ప పనికిరాదు. కొనేముందు మీ యంత్రానికి ఏది కావాలో చూసుకోండి, దాన్ని మించి ఒక్క రూపాయి కూడా వేగానికి పెట్టకండి. ఆ రూపాయి బ్యాటరీకి కావాలి.

బ్యాటరీ దగ్గర మోసం ఇంకా మొరటుగా ఉంటుంది. 2004 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన మొదటి పీఎస్పీకి 1800 ఎంఏహెచ్ బ్యాటరీ ఇచ్చారు. ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత. 2007లో వచ్చిన సన్న మోడల్‌కీ, తర్వాత మా తమ్ముడి 3000కీ 1200 ఎంఏహెచ్. వోల్టేజి 3.6. సోనీ ఇప్పుడు వీటిని చెయ్యడం లేదు, కాబట్టి "ఒరిజినల్, కొత్తది, సీల్ ప్యాక్" అని ఎవరైనా అమ్మితే నేనైతే నమ్మను. దొరికేవన్నీ వేరేవాళ్ళు చేసినవే. వాటిలో మంచివీ ఉన్నాయి. నేను మొదట కొన్నదాని మీద 3600 ఎంఏహెచ్ అని రాసి ఉంది. సైజు మాత్రం పాత 1200 బ్యాటరీ ఎంతో అంతే, బరువు ఇంకా తక్కువ. ఒకే రకం రసాయనంతో, ఒకే డబ్బాలో మూడు రెట్లు ఎలా పడుతుంది? శేరు గిన్నెలో మూడు శేర్ల పాలు పోశానంటే నమ్ముతామా? అంకె చూసి సంబరపడ్డాను గానీ ఆ ఆలోచనే రాలేదు. అది గంటా పది నిమిషాలు నడిచింది.

తర్వాత ఒక చిన్న యూఎస్‌బీ మీటర్ కొన్నాను. ఛార్జర్‌కీ వైరుకీ మధ్య పెడితే ఎంత కరెంటు లోపలికి వెళ్ళిందో చూపిస్తుంది. యూఎస్‌బీ నుంచి పీఎస్పీ గుండ్రటి పిన్నుకి వెళ్ళే వైరు దొరుకుతుంది, దానితో పెట్టి చూశాను. లెక్క తేలికే. 3.6 వోల్టుల దగ్గర 1200 ఎంఏహెచ్ అంటే 4.3 వాట్ అవర్లు, అదే బ్యాటరీలో పట్టే మొత్తం శక్తి. దారిలో కొంత పోతుంది కాబట్టి, ఖాళీ బ్యాటరీ నిండేసరికి మీటర్‌లో అంతకంటే కాస్త ఎక్కువే కనబడాలి. 3600 అయితే దాదాపు 13 కనబడాలి. నా 3600 బ్యాటరీ రెండు దగ్గరే నిండిపోయింది. రెండోది 2400 అని రాసి ఉన్నది, దాని కథా అదే. మూడోసారి వెతికి వెతికి, 1200 అనే రాసి ఉన్నదాన్ని కొన్నాను. నిజం చెప్పేవాడి దగ్గర కొందామనిపించింది. అది మూడు గంటలా ఇరవై నిమిషాలు నడుస్తోంది, తెర వెలుతురు మధ్యలో పెట్టి, వైఫై ఆపి. డిస్కు తిప్పకుండా కార్డులోని ఆట ఆడితే ఇంకొంచెం ఎక్కువ.

పెన్సిల్ సెల్లతో నడిచే పాత గేమ్ బాయ్ లాంటివి ఉన్నవాళ్ళకి కూడా ఇదే మాట. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు కొనండి, అదీ ఊరికే పెట్టినా ఛార్జి ఎక్కువ పోనివి. 2005లో సాన్యో తెచ్చిన ఎనెలూప్‌తో ఆ రకం జనానికి తెలిసింది. దాని మీద 2000 అని ఉంటుంది, నిజంగా 2000 ఇస్తుంది. పెన్సిల్ సెల్ మీద 4000 అని రాసి ఉంటే ముట్టుకోకండి, ఆ సైజులో అంత పట్టదు. ఈ సెల్లకి 1.2 వోల్టులే అయినా చివరిదాకా దాదాపు అదే నిలుపుకుంటాయి, ఆఖర్లో ఒక్కసారిగా పడిపోతాయి. అందుకని బ్యాటరీ లైటు మసకబారాక దొరికే టైము తక్కువ. మసకబారగానే సేవ్ చెయ్యమని పిల్లలకి నేర్పండి. జతకి జత గుర్తు పెట్టుకుని కలిపే వాడండి, కొత్తదాన్నీ పాతదాన్నీ కలపొద్దు. ఒక్కో సెల్‌ని విడిగా చూసుకునే ఛార్జర్ కాస్త ఖరీదైనా అదే కొనండి.

ఇక ఎండ. లిథియం బ్యాటరీకి రెండు శత్రువులు, వేడి, నిండు ఛార్జి. రెండూ కలిస్తే మరీ వేగంగా చెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర రేకుల కింద అటక, ఎండలో ఆపిన కారు, కిటికీ పక్క బల్ల, ఇవి బ్యాటరీ పెట్టే చోట్లు కావు. చాలాకాలం వాడమనుకుంటే సగం ఛార్జి ఉంచి, యంత్రంలోంచి తీసి, ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో పెట్టాలి. మూడు నాలుగు నెలలకోసారి చూసి మళ్ళీ సగానికి తేవాలి. పూర్తిగా ఖాళీగా వదిలేసినా పాడైపోతుంది. ఉబ్బిన బ్యాటరీని నొక్కి మూత పెట్టడం, సూదితో పొడవడం, "ఒక్కసారి ఛార్జి పెట్టి చూద్దాం" అనడం, మూడూ ప్రాణం మీదికి తెచ్చేవే. కొనల మీద టేపు అంటించి, ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి, ఇంటి బయట ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. మున్సిపాలిటీ చెత్త బండిలో వెయ్యకండి, ఆ చెత్త చేత్తో ఏరేవాళ్ళు మనుషులు. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. దాన్ని మనం అడిగి తీసుకోవాలి.

పీఎస్పీ మూత గోటితో జరిపితే వస్తుంది, బ్యాటరీ చేతిలోకి వస్తుంది. అందుకే పదహారేళ్ళ తర్వాత కూడా నేను దాన్ని బతికించగలిగాను. అదే కంపెనీ 2009లో తెచ్చిన పీఎస్పీ గోలో బ్యాటరీని లోపలే బిగించేశారు. ఇవాళ చాలా యంత్రాలు అలాగే వస్తున్నాయి. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి అక్కడ అమ్మే ఇలాంటి పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్ళే తీసి మార్చుకోగలిగేలా ఉండాలి. ఇలాంటి చట్టం మనకీ కావాలి. "పాతది కదా, కొత్తది కొనుక్కో" అని నాతో అన్నవాళ్ళకి ఆ 2011 ఫిబ్రవరి సేవ్ చూపించాను. కొత్తదాంట్లో అది దొరకదు.

ఇప్పుడు మా దగ్గర ఉన్నది ఇది. పరీక్షించిన 32 జీబీ కార్డు అడాప్టర్‌లో పెట్టి, పీఎస్పీలోనే ఫార్మాట్ చేసింది. అలాంటిదే ఇంకోటి బీరువాలో. 1200 బ్యాటరీ మీద కొన్న తేదీ మార్కర్‌తో రాశాను. మా అబ్బాయి ఆదివారం పొద్దున సేవ్‌డేటా ఫోల్డర్‌ని కంప్యూటర్‌లోకి కాపీ చేస్తాడు, పక్కన తేదీ వేస్తాడు. తమ్ముడి 4 జీబీ స్టిక్‌ని వాడటం లేదు, భద్రంగా దాచాం. అందులోని సేవ్‌ల నకలు మాత్రం కొత్త కార్డులో ఉంది.

మొన్న దీపావళికి తమ్ముడు వీడియో కాల్ చేశాడు. "ఒరేయ్, ఆ కొండ రోడ్డు రేసులో నా టైము దాటావా?" అని అడిగాడు.

"లేదు మావయ్యా, ఇంకో రెండు సెకన్లు," అన్నాడు వీడు, తెర మీంచి కళ్ళు తియ్యకుండానే.